ఒక్క ఫిర్యాదైనా చెయ్యవే అక్కా!

ప్రియమైన అక్కకి,

ఫోన్లో చెబితే మధ్యలో అడ్డు తగులుతావని ఉత్తరం రాస్తున్నాను. మీ బిల్డింగు పైకప్పుకి వయసైపోయిందని ఇంజనీరు చెప్పాడు. కొత్తది వేయించడానికి మా సంస్థ బ్యాంకులో అప్పు అడిగింది. లాభం చూసుకోకుండా తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థ అంటేనే బ్యాంకువాళ్ళు మొహం అదోలా పెడతారు. దానికి తోడు, మూడేళ్ళుగా మీ దగ్గర్నుంచి ఒక్క రిపేరు ఫిర్యాదు కూడా లేదు! "అంత బాగున్న బిల్డింగుకి అప్పెందుకు?" అంటున్నారు. అప్పు రాకపోతే బిల్డింగు అమ్మేయడమే అంటున్నారు మా పెద్దలు. కొన్నవాడు మీ అద్దె మూడింతలు చేస్తాడు. అసలేం జరుగుతోందక్కా అక్కడ? నీ ఇల్లు బాగానే ఉందా?

నీ తమ్ముడు,
మేనేజరు, ఈ మధ్య నిద్ర కరువైనవాడు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫిర్యాదులు రాకుండా చూసింది నేనే. పోయినసారి వచ్చినప్పుడు "సంస్థ చేతిలో చిల్లిగవ్వ లేదు" అని తల పట్టుకు కూర్చున్నావు. చూడలేకపోయాను. అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, ఎవరూ ఆఫీసుకి ఏమీ చెప్పకూడదని ఒట్టేయించుకున్నాను. అప్పట్నుంచీ కుళాయిలు కింది వాటాలో ఉండే టైలరు చూస్తున్నాడు. ఇదివరకు ఒక్కచోట కారేవి, ఇప్పుడు నాలుగుచోట్ల కారుతున్నాయి. కిటికీలు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ చూస్తుంది. పగిలిన అద్దానికి దూది పెట్టి కట్టు కట్టింది. ఇంత సాయం చేస్తే మమ్మల్నే తప్పుపడతావేంరా? నా ఇల్లు బంగారంలా ఉంది. దాని సంగతి అడక్కు.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ సాయం మన కొంపే ముంచేలా ఉంది. మంగళవారం బ్యాంకు ఆఫీసరమ్మ వస్తోంది. ఒట్టు తీసి గట్టున పెట్టి, అందరూ నోరు విప్పి ఫిర్యాదు చేయండి. నీకు దణ్ణం పెడతాను.

నీ తమ్ముడు

చిరంజీవి తమ్ముడికి,

విప్పాం నాయనా. ఆవిడ గేటు దాటగానే చుట్టుముట్టాం. టైలరు కుళాయి సంగతి మర్చిపోయి పక్కింటాయన గురక మీద ఫిర్యాదు చేశాడు. పక్కింటాయన టైలరు మిషను మీద. నర్సమ్మ పావురాల మీద. పాపం ఆవిడకి కాగితాలు చాలలేదు. చివరికి విసుగొచ్చి, "ఇన్ని కష్టాలుంటే ఖాళీ చేసి పోవచ్చుగా?" అంది. టైలరే మెల్లగా, "ఎక్కడికి పోతామండీ? ఈ అద్దె కాబట్టే మా అమ్మాయి చదువుకుంటోంది" అన్నాడు. ఆవిడ ఏమీ రాసుకోలేదు. అంతా చెడగొట్టామేమోరా. నాకు భయంగా ఉంది.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

అప్పు మంజూరైంది! గురకనీ పావురాలనీ ఆఫీసరమ్మ పట్టించుకోలేదు. నాతో ఏమందో తెలుసా? "పై అంతస్తులో ఒకావిడ మాత్రం ఏ లోటూ లేదంది. తొంగి చూస్తే మంచం మీద తెరిచిన గొడుగు కట్టి ఉంది. ఇదేమిటంటే అలంకారం అంది. కప్పు కారుతున్నా అద్దె ఆపనివాళ్ళకి కాకపోతే ఇంకెవరికిస్తాం అప్పు?"

అలంకారమా అక్కా? నాకు చెప్పకుండా గొడుగు కింద పడుకున్నావా? ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను. సోమవారం మేస్త్రీలు వస్తున్నారు. ఇకమీదట ఏది పాడైనా వెంటనే నాకు రాయాలి. ఇది మేనేజరు ఆజ్ఞ.

నీ తమ్ముడు

మేనేజరుగారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం నా మొదటి ఫిర్యాదు. కొత్త కప్పు బాగుంది, గొడుగు మడిచేశాను. కానీ మా తమ్ముడు మూడేళ్ళుగా గడప తొక్కలేదు. టైలరు వల్ల అయ్యే పని కాదు. తమరే స్వయంగా వచ్చి బాగుచేయగలరు.

పై అంతస్తులో అద్దెకుండే మీ అక్క