డిచ్‌పల్లి నుంచి వచ్చిన మలాం

తమ్ముడు మల్లికార్జున్‌కు,

ఫోన్‌లో మాట్లాడితే కోడలు వింటుందని ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

పోయిన నెల కోడలు దీక్షిత మార్కెట్‌కని చెప్పి డిచ్‌పల్లి పోయింది. బస్సు టికెట్ ఆమె సంచిలో దొరికింది. అక్కడున్న కుష్ఠు దవాఖానకు ఊరికే ఎవరు పోతారు? తర్వాత బియ్యం డ్రమ్ము వెనకాల తెల్లటి మలాం డబ్బా కనబడింది. ధర ముప్పై రూపాయలు. వాసన కూడా లేని మందు ఏం మందు? అందుకే వాళ్ల పుట్టింట్లో ఆ జబ్బు ఎవరికైనా ఉందేమో కనుక్కోమని నీకు చెప్పాను.

నిన్న డబ్బా ముందర పెట్టి గట్టిగా అడిగాను. ఆమె దవాఖాన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద నా పేరు, నా వయసు ఉన్నాయి.

"మీ చేతుల సంగతి చెప్పిన అత్తమ్మా. మీరు భయపడేది కాకపోవచ్చన్నరు. పసుపు పనిల తోలు ఎండి పగులుతదట. పగుళ్లల్ల పసుపు పెట్టుడు బందు చేసి గీ మలాం రాయమన్నరు. ఒక్కసారి మిమ్మల్ని తోల్కరమ్మన్నరు. మీరేమంటరోనని దాసిన."

పసుపు పండించే ఇంట్లో పసుపు పెట్టుకోవద్దంటే నేను నమ్మను. మలాం రాస్తే మంట మాత్రం తగ్గింది. ఎందుకు తగ్గిందో చూడాలి.

వాళ్ల పుట్టింట్లో ఇంకా అడగకపోతే అడగకు. అడిగి ఉంటే నా పేరు చెప్పకు.

ఒక్కటే అంతుపట్టడం లేదు. రెండు నెలలుగా ఈ చేతులు కొంగు కిందే దాచుకున్నాను, అన్నం కూడా ఒక్కదాన్నే తిన్నాను. ఆమె ఎప్పుడు చూసింది?

నీ అక్క