మూడో వాసం

ఊ మిన్ అడవి, ఫిబ్రవరి 2

చదువులతల్లి మియెన్‌కి,

నీ ఉత్తరం లాంచీలో వచ్చింది. ఈ ఏడూ మన వాసాలు ఖాళీయే. తేనెటీగలు పట్టు పెడతాయని మీ నాన్న అడవిలో ఏటవాలుగా ఎత్తి నిలిపిన ఆ కొయ్యలు, ఆయన పోయాక మూడేళ్లుగా బోసిగా ఉన్నాయి. వరసగా మూడేళ్లు పట్టు పడకపోతే అడవిలో వాటా వేరేవాళ్లకి పోతుంది. తేనె జట్టు కట్టుబాటు నీకు తెలిసిందే.

మొన్న పక్కవాటా తూ కెన్ పడవ ఆపి, "వదినా, ఈగలకి ఆడచెయ్యి పడదేమో" అన్నాడు. "గూట్లో పనిచేసేవన్నీ ఆడవేనట, మా మియెన్ చెప్పింది. ఆ ముక్క వాటితో అని చూడు మరిదీ" అన్నాను. తెడ్డు వేసుకుని పోయాడు.

నిన్న పెద్ద ఈగల గుంపొకటి వచ్చి మన చ్రామ్ చెట్టు కొమ్మకి వేలాడుతోంది. మైనం పెట్టడంలేదు. దారిన పోయేవి, తన వాసాలకే చేరతాయంటాడు తూ కెన్. పోతే పోనీ. నువ్వు పరీక్షలు చూసుకో.

అమ్మ

*

కాన్ థో, ఫిబ్రవరి 5

నా మొండి అమ్మకి,

"పోతే పోనీ" అన్నది నీ మాటలా లేదు. ఆ గుంపు ఇల్లు వెతుక్కుంటోంది. చోటు చూసొచ్చిన ఈగ గుంపు మీద నాట్యమాడుతుంది. చోటు ఎంత నచ్చితే అంతసేపు ఆడుతుంది. మిగతావి వెళ్లి చూసొచ్చి, నచ్చితే అవీ అదే ఆట ఆడతాయి. ఆటలన్నీ ఒకవైపుకి తిరిగాక గుంపు లేస్తుంది. రాణి హుకుం ఏమీ ఉండదు.

దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీయి. ఈగ తోక ఊపుతూ నిలువుగా పైకి నడిస్తే సూర్యుడున్న వైపు అని. దారానికి కుడిపక్కకి ఎంత వాలితే సూర్యుడికి కుడిపక్కన అంత. ఎటు ఎన్ని ఆడుతున్నాయో లెక్కపెట్టు. ఎక్కువ ఆటలు చూపించిన చోటుకి వెళ్లి, అక్కడ ఏం బాగుందో చూసిరా. పొగ వెయ్యకు. నల్లబట్ట కట్టుకోకు.

నీ మియెన్

*

ఊ మిన్, ఫిబ్రవరి 9

మియెన్,

అరవై ఆటలు లెక్కపెట్టాను. మెడ పట్టేసింది. తూ కెన్ చూసి, "ఈగల పిర్రలు చూడ్డానికా కూతుర్ని కాలేజీలో వేశావు?" అన్నాడు. "నీ మొహం కంటే వాటిల్లోనే ఎక్కువ విషయముంది" అన్నాను.

కానీ తల్లీ, నలభై తొమ్మిది వాడి వాసం వైపే. మన మూడో వాసానికి పదకొండే.

గట్టు మీంచి వాడి వాసం చూశాను. పొద్దుటి ఎండ అడుగుదాకా పడుతోంది. మధ్యాహ్నం నీడ. ముందు ఎగరడానికి బోలెడు ఖాళీ. మన వాసం ముందు మొక్కలు గోడలా లేచాయి. ఆయన పెట్టింది పెట్టినట్టు ఉండాలని మూడేళ్లుగా అక్కడ నేను కత్తి పెట్టలేదు. వాసం ఆయన పెట్టినట్టే ఉంది. అడవే అలా ఉండలేదు.

ఇవాళ కత్తి నూరుతున్నాను.

అమ్మ

*

కాన్ థో, ఫిబ్రవరి 12

అమ్మా,

ఎండవైపు మొక్కలే కొట్టు, పడమటి నీడ ఉంచు. వాసాన్ని కదపకు. ఇది చేరేసరికి గుంపు ఉంటుందో లేదో. క్లాసులో ఏమీ బుర్రకెక్కడంలేదు. వాటా పోతే చదువు మానేసి వచ్చేస్తాను. ఇద్దరం కూలికి పోదాం.

మియెన్

*

ఊ మిన్, ఫిబ్రవరి 17

మియెన్‌కి దీవెనలు.

చదువు మానేస్తానని ఇంకోసారి రాస్తే ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

నీ ఉత్తరం రాకముందే మొక్కలు కొట్టాను, ఎండవైపువే. మర్నాడు అరవైలో ఇరవైయారు ఆటలు మనవైపు. ఆ మర్నాడు నలభై ఒకటి. పద్నాలుగో తేదీ పొద్దున ఒక్క ఈగ కూడా తూ కెన్ వైపు ఆడలేదు.

నీ దగ్గర ఒకటి దాచాను. నీకు మొదటి ఉత్తరం రాసిన రోజే జట్టు పెద్ద సావ్ న్యోకి వాటా వదిలేస్తానని చెప్పేశాను. పున్నమికి సంతకం పెట్టమన్నాడు. ఆ పున్నమి పద్నాలుగునే. కాయితం పట్టుకుని అందరూ పడవల్లో వచ్చారు.

"కాసేపు ఆగు పెద్దయ్యా. ఎండెక్కాక ఈ గుంపు లేచి నా మూడో వాసం మీద వాలుతుంది" అన్నాను.

"వదినకి ఈగలు ఉత్తరం రాశాయర్రా" అన్నాడు తూ కెన్. అందరూ నవ్వారు. పెద్దయ్య మాత్రం చుట్ట వెలిగించి కూర్చున్నాడు.

చుట్ట సగం కాలకముందే గుంపు లేచింది. మా తలల మీంచి మబ్బులా పోయింది. పడవలన్నీ దాని వెనకే తిప్పారు. మేం చేరేసరికి వాసం అడుగున చాప పరిచినట్టు పట్టేశాయి. నిన్నటికి అరచెయ్యంత తెల్లమైనం దించాయి.

కాయితాన్ని పెద్దయ్యే చింపేశాడు. తూ కెన్ టోపీ తీసి, "వదినా, ఈసారి గుంపొస్తే నాకూ కాస్త చూసిపెట్టవూ" అన్నాడు. "చూసిపెట్టను, నేర్పుతాను. మెడకి నూనె రాసుకుని రా" అన్నాను.

పరీక్షలయ్యాక రా. తేనె ఉన్న తలభాగం నువ్వే కోద్దువుగాని. కింద పిల్లలున్నది వదిలేద్దాం.

జట్టు పుస్తకంలో మన వాటాకి ఎదురుగా ఇంకా మీ నాన్న పేరే ఉంది. దాని కింద పెద్దయ్య ఒక గీత గీసి కలం నా చేతికిచ్చాడు. నా పేరు రాశాను:

తాయ్ థీ బోంగ్