లండన్‌లో వాన

కోడంబాకం, మద్రాసు
గురువారం

కోదండపాణి బావకు,

అత్తయ్యను ఆదివారం రైలుకు పంపుతానని పంపలేదు. కోప్పడకుండా సంగతి విను.

మా స్టూడియోలో సినిమా కోసం లండన్ నగరం సెట్టు వేశాం. గడియారం గోపురం, రాణిగారి కోట, నది మీద వంతెన అన్నీ ఉన్నాయి. ఓడలో వంటపని చేసిన మామయ్య ఆమెను లండన్ తీసుకెళ్తానని బతికినన్నాళ్లూ అంటుండేవాడు కదా. రంగులు వేసింది నేనే కనుక, ఆ ముచ్చట ఇలాగైనా తీరుద్దామని తీసుకెళ్లాను.

అత్తయ్య చెప్పులు విడిచి కోట గుమ్మానికి దండం పెట్టింది. గుడ్డ మీద నేను వేసిన నదిలో చెయ్యి పెట్టి, అంటిన నీలం రంగు చూసుకుని, "నీళ్లు చిక్కగా ఉండాయే" అంది. తరవాత వంతెన మీద కూర్చుంది. షూటింగు మొదలవ్వాలి, లేవమంటే లేవదు.

డైరెక్టరుగారే వచ్చి, "ఇంకేం చూడాలమ్మా?" అని అడిగారు.

"వాన నాయనా. ఆడ ఎప్పుడూ వాన పడతా ఉంటదని ఆయన చెప్పినాడు. వాన లేకుంటే లండన్ ఎట్లవుతుంది?"

డైరెక్టరుగారు సినిమా వాన కురిపించే గొట్టాలు తిప్పించారు. అత్తయ్య కొంగు కప్పుకుని, పక్కన ఒక మనిషికి చోటు వదిలి, వంతెన ఆ కొసదాకా మెల్లగా నడిచింది. నది రంగంతా కారిపోయింది. ఎవరూ ఆపమనలేదు.

ఇప్పుడు ఆమెకు జలుబు, ఒళ్లు వెచ్చబడింది. నువ్వొచ్చి కషాయం తాగించు బావా. నేనిస్తే, ఇది లండన్ జలుబు, దీనికి మన శొంఠి పనిచెయ్యదని తోసేస్తోంది.

నీ బావమరిది