రహీమన్నకు వచ్చిన ఉత్తరాలు

గిద్దలూరు, ఆదివారం రాత్రి

ఈరోజు రహీమన్న పోయిన నలభయ్యో రోజు, ఫాతిహా ప్రార్థన చేశారు. అందరూ వెళ్లాక వదిన నన్ను పిలిచి, అన్న కంప్యూటర్ తెరవమంది. అన్నా నేనూ కలిసి రాసి, అందరికీ ఉచితంగా వదిలిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ గురించి ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంకా అన్నకే ఈమెయిల్‌లో ఉత్తరాలు రాస్తున్నారు. కొందరు సాయం అడిగారు, కొందరు థాంక్స్ చెప్పారు. వదినకు చదివి వినిపించాను.

"ఇంతమందికి పనికొచ్చినాడా మీ అన్న? ఒక్కనాడూ చెప్పలేదే! నేనేమో ఎప్పుడూ ఆ పెట్టె ముందరే కూసుంటావని తిట్టినాను," అని ఏడ్చింది.

"అన్న నవ్వుకునేవాడు వదినా, నొచ్చుకోలేదు," అన్నాను. నిజమో కాదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి, అన్న మెయిల్ నుంచే సాయం అడిగిన ఒకతనికి జవాబు రాశాను. లోపం ఎలా సరిచేయాలో సులువుగానే చెప్పాను. అన్న చనిపోయాడన్న ఒక్క మాట మాత్రం ఎంతకీ రాయలేకపోయాను. చివరికి అన్న పేరే పెట్టి పంపేశాను. తప్పు చేశానేమో...