కోట తలుపూ, స్తంభం పక్క సీటూ

అయ్యా, సేనాపతి వేషం వేసినాయనకు,

మీ పేరు కరపత్రంలో మరీ చిన్న అక్షరాల్లో ఉంది, నా కళ్ళకి ఆనలేదు. అందుకని వేషం పేరుతోనే రాస్తున్నాను. మొన్న శనివారం మీ ఆటకి వచ్చాను. మూడో వరసలో చివర, స్తంభం పక్కన, హాలు పక్క తలుపుని ఆనుకుని ఉన్న సీటు నాది. నిజానికి అది మా తోడికోడలి సీటు. స్తంభం అడ్డొస్తోందని ఆవిడ నా సీట్లోకి జరిగి నన్ను అందులో కూర్చోబెట్టింది.

యుద్ధంలో దెబ్బతిన్న రాజు, మిమ్మల్ని సొంత తమ్ముడిలా పెంచిన మనిషి, వచ్చి కోట తలుపు తడుతూ ఉంటే మీరు గోడ మీద నిలబడి వింటూ కూడా తియ్యకపోవడం, ఆయన గుమ్మం బయటే ప్రాణం వదలడం, కిరీటం మీ నెత్తి మీదికి రావడం, అంతా చూశాను. ఒళ్ళు మండిపోయింది. అది మీ గొప్పే. కానీ విందు సీనులో మీరు చేతిలో గిన్నె జారవిడిచి, హాల్లోకి తిరిగి, నా వంకే వేలు చూపించి "నువ్వెందుకొచ్చావు? నేను నిన్ను తాకను కూడా తాకలేదు!" అని కేకలు పెట్టారు. హాలంతా నన్ను చూసింది. మావారు నా వైపు వంగి "ఆయన నీకు ముందే తెలుసా?" అని అడిగారు. ఇంటికొచ్చాక మళ్ళీ అడిగారు.

నేను మిమ్మల్ని ఏం చేశానని? సంజాయిషీ రాయగలరు.

ఇట్లు,
స్తంభం పక్క సీటు మనిషి

తా.క.: ఏడుపు మాత్రం భలే ఏడ్చారు. మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది. మాది కుట్టు దుకాణం లెండి, చూసి ఊరుకోలేను.

*

అమ్మగారికి నమస్కరించి రాయునది,

తప్పు నాది కాదు, మా దర్శకుడిది. ఆ సీనులో సేనాపతికి చచ్చిపోయిన రాజు కనిపించాలి. రాజుకి సున్నం పూసి స్టేజీ మీదికి తెస్తే జనం నవ్వుతారని, హాల్లో ఖాళీ సీటు ఏదైనా చూసి భయపడమన్నాడు. స్తంభం పక్క సీటు ఎవరూ కొనరు కదా. ఇన్నాళ్ళూ ఉత్త కుర్చీకే భయపడుతూ వచ్చాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, అంత భయం వేసేది కాదు. మొన్న చూద్దును కదా, అక్కడ ఒక మనిషి! గిన్నె నేను పడెయ్యలేదు, నిజంగానే జారింది. ఆట అయ్యాక మా దర్శకుడు నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన మెచ్చుకుంటే తల ఊపే మనిషి, అంతకు మించి ఎరగం.

దయచేసి వచ్చే శనివారం కూడా రండి. అలాగే చూడండి.

విధేయుడు,
సేనాపతి

తా.క.: పగలు నేను కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాను. సేనాపతికి అద్దాలు ఉండకూడదు కాబట్టి స్టేజీ మీదినుంచి మీ ముఖం నాకు అలికేసినట్టు కనబడుతుంది. అలా అలికేసినా కోపం తెలిసింది. తిన్నగా కనబడి ఉంటే నా మాటలు మర్చిపోయేవాణ్ణి.

*

సేనాపతి గారూ,

వచ్చాను. ఈసారి బూడిదరంగు శాలువా కప్పుకుని వచ్చాను, అలికినా ఆనుతుందని. మీరు వేలు చూపించగానే తల మెల్లిగా అటూ ఇటూ ఊపాను. ముందు వరసలో ఒకాయన చేతిలో కరపత్రం నలిపేసుకున్నాడు, గమనించారా? మీ నాటకం ఎంత గొప్పదో రెండోసారి చూస్తేనే తెలిసింది. ఒక్క తలుపు తియ్యకపోవడంతో మొదలైన మనిషి, నేరం ద్వారపాలకుడి మీదికి తోసి, వాణ్ణి చంపి, చివరికి కట్టుకున్నదాన్ని కూడా నమ్మలేని స్థితికి రావడం! అరక్షణం కూడా అబద్ధం అనిపించలేదు.

ఇప్పుడు దుకాణానికొచ్చిన వాళ్ళు "దయ్యం ఆవిడ మీరేనా?" అని అడుగుతున్నారు. ఇన్నేళ్ళుగా బట్టలు కత్తిరిస్తున్నాను, నన్ను ఎవరూ వేలు పెట్టి చూపించలేదు.

ఒక్కటే చిక్కు. మా తోడికోడలు "అక్కా, అది నా సీటే కదా, ఈ వారం నేను కూర్చుంటా" అంటోంది. దుకాణంలో నేను కత్తిరిస్తే ఆవిడ కుడుతుంది, ఏ పొరపొచ్చాలూ లేవు. కానీ ఆవిడది నవ్వుముఖం. నిద్రలో కూడా నవ్వుతుంది. దాన్ని చూసి ఏ హంతకుడు జడుసుకుంటాడు? నా కోసం కాదు, కళ కోసం అడుగుతున్నాను.

ఇట్లు,
మీ దయ్యం

తా.క.: రాజుగారి కిరీటం ఆయనకి వదులు, మీకు బిగువు. ఒకే కిరీటమని అందరికీ తెలిసిపోతోంది.

*

అక్కగారూ,

వద్దు, వద్దు! నవ్వుముఖం వద్దు. ఆ సీటు మీదే. ఎలాగైనా మీరే రావాలి. ఎలా అన్నది నేను అడగను.

మీ
సేనాపతి

తా.క.: నాటకంలో సేనాపతి భార్య కూడా అచ్చం ఇలాగే అంటుంది. పట్టించుకోకండి.

*

సేనాపతి గారూ,

నిన్నటి ఆటకి మీ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఎప్పుడూ తెర వెనకనుంచి వచ్చే తలుపు చప్పుడు నిన్న హాలు పక్క తలుపు నుంచి వచ్చింది. జనం ఉలిక్కిపడ్డారు. నా వెనకాయన "ఏం పెట్టారయ్యా చప్పుడు, నిజంలా ఉంది" అన్నాడు. మీరు గోడ మీద గడ్డకట్టుకుపోయారు. ఆ నిలబడటం నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇట్లు,
మీ దయ్యం

తా.క.: ఆ చప్పుడు నిజమే. మా తోడికోడలు. మధ్యాహ్నం "కాస్త నడుం వాలుస్తాను, బయల్దేరేటప్పుడు లేపు అక్కా" అని పడుకుంది. నేను ఏమీ చెయ్యలేదు. లేపలేదు, అంతే. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగాను. తెర లేచాక మీ వాళ్ళు తలుపులు బిగించేస్తారు కదా. ఉంగరం వేలితో మూడు చిన్నవి, ఒకటి పెద్దది, అది ఆవిడ తలుపు తట్టే తీరు. గడియ నా మోచేతి పక్కనే ఉంది. మీరు గోడ మీదా, నేను సీట్లోనూ, ఇద్దరం వింటూ ఉండిపోయాం.

*

అక్కగారూ,

మీ తా.క. చదివి దుకాణంలో లేచి నిలబడ్డాను. పాత్రని ఇంతగా ఒంటబట్టించుకున్నవాళ్ళని నేను చూడలేదు. "నేను ఏమీ చెయ్యలేదు, లేపలేదు, అంతే!" ఈ మాట నాటకం రాసిన మహానుభావుడికి తట్టి ఉంటే గంతేసేవాడు. ఎంత కల్పన! చెప్పులు చేతిలో పట్టుకోవడం నేను వాడేసుకుంటున్నాను. ఇకమీదట సేనాపతి చెప్పులు చేత్తో పట్టుకునే గోడెక్కుతాడు.

చప్పుడంటారా, మా తెరవెనక మనిషిదే అయ్యుంటుంది. వాడు ఆ సమయానికి టీ తాగడానికి వెళ్ళానంటాడు గానీ వాడి మాట నమ్మేది కాదు. దర్శకుణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మీ
సేనాపతి

తా.క.: ఇంకేమైనా పాపాలు తోస్తే రాయండి. నాలుగో అంకం కాస్త పలచగా ఉంది.

*

తమ్ముడూ,

కల్పనా లేదు, గిల్పనా లేదు. నిజంగా జరిగింది. తర్వాత జరిగింది కూడా విను. "లేపలేదేం అక్కా?" అని ఆవిడ అడిగితే "లేపమని మీ బావగారికి చెప్పాను, ఆయన మర్చిపోయారు" అన్నాను. పాపం మావారు నిజంగానే మర్చిపోయానేమో అనుకుని ఆవిడకి క్షమాపణ కూడా చెప్పారు. ద్వారపాలకుడి మీదికి తోసిన నీకూ నాకూ తేడా ఏముంది చెప్పు?

ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ముందు టీ నాకే తెచ్చి ఇస్తోంది. దుకాణంలో కిటికీ పక్క వెలుతురున్న చోటు నాకిచ్చేసింది. పరాకులో నేను ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరిస్తే, మాట అనకుండా కొత్త గుడ్డ తెచ్చి తనే సరిచేసింది. అంత మంచితనం నా మీద ఎందుకు? నాకు అన్నం సయించడం లేదు. శనివారం వస్తే చాలు, "తలనొప్పి, నువ్వెళ్ళు అక్కా, ఆ సీటు నీదే" అంటుంది.

అసలు భయం ఇంకోటి ఉంది. ఇప్పుడు ప్రతి ఆటలోనూ నాకు అదే చప్పుడు వినిపిస్తోంది. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఇంట్లో తలనొప్పితో పడుకున్న మనిషి తట్టడం హాల్లో ఎలా వినబడుతుంది తమ్ముడూ? నీ సేనాపతికి పట్టిందే నాకూ పట్టింది.

ఆఖరి ఆటకి వస్తాను. మళ్ళీ ఆ చప్పుడు వింటూ కూర్చోగలనో లేదో తెలియదు.

ఇట్లు,
ఒకప్పటి మంచి మనిషి

తా.క.: నువ్వు ఈ వేషం వేసిన ప్రతిసారీ ఇలాగే ఉంటుందా? ఉంటే నీ జీతం చాలదు.

*

అక్కగారికి,

నిన్న ఆఖరి ఆటలో మీరు స్టేజీకి వీపు తిప్పి ఉన్నారు కాబట్టి, జరిగింది నా వైపునుంచి ఎలా ఉందో రాస్తున్నాను.

చెప్పులు చేత్తో పట్టుకుని గోడ మీద నిలబడ్డాను. చప్పుడు మొదలైంది. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఇంతలో మూడో వరసలో బూడిదరంగు మరక ఒకటి లేచింది. అద్దాలు లేకపోయినా మీరేనని తెలిసింది. "ఇక నా వల్ల కాదు, ఉండవే, తీస్తున్నా!" అని అరిచి గడియ లాగేశారు. బయట మీ తోడికోడలు, చేతిలో మా తెరవెనక మనిషి చెక్క సుత్తి.

ఆ మొదటి రోజు ఆవిడ తలుపు తడుతుంటే మా దర్శకుడు బయటినుంచి చుట్టుతిరిగి పరుగెత్తుకెళ్ళి "ఆపకండమ్మా, అలాగే తట్టండి" అన్నాడట. అప్పటినుంచి ప్రతి శనివారం తట్టేది ఆవిడే. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు కూడా పెట్టించుకున్నాడట. ఒక సీటు దొరికినందుకే అంత మురిసిపోతున్న మీకు, తనకి ఏకంగా నాటకంలో పనే దొరికిందని ఎలా చెప్పాలో తెలియక ఆవిడ లోపల్లోపల కుమిలిపోయింది. ఆ టీలూ, ఆ కిటికీ పక్క చోటూ మంచితనం కాదక్కా. ఆవిడకీ మీలాగే నిద్ర లేదు!

"అక్కా, నిన్ను మోసం చేశాను" అని ఆవిడా, "నోర్ముయ్, ముందు చేసింది నేను" అని మీరూ గుమ్మంలో ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే హాలంతా నాటకంలో భాగమే అనుకుని ఊపిరి బిగబట్టింది. కోట తలుపు తెరుచుకున్నాక సేనాపతి ఏమనాలో ఎవరూ రాయలేదు. దిగి వచ్చి, చెప్పులు అక్కడ పెట్టి, మీ ఇద్దరి ముందు కూలబడి ఏడ్చాను. అది నటన కాదు. ఆట ఆటకీ ఆ గోడ మీద నిలబడి, ఈసారైనా నా కాళ్ళు దిగి వెళ్ళి తలుపు తీస్తాయేమో అనుకునేవాణ్ణి. నాటకం తియ్యనివ్వదు, అదే దాని గొప్ప. మీరు తీశారు. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నేను ఏ రోజూ వేషం విప్పలేదు.

రెండో అంకంలోనే అందరూ బతికిపోయారు కాబట్టి మిగతా అంకాలు ఆడలేదు. అయినా జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. టికెట్టు డబ్బులు ఎవరూ వెనక్కి అడగలేదు.

మీ తమ్ముడు,
మాజీ సేనాపతి

తా.క.: ద్వారపాలకుడు ఒక్కడే అలిగాడు. మూడో అంకంలో తన చావు చూపించడానికి అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడట. ఆవిడ చాలా నిరాశపడి వెళ్ళిందట.

మరో తా.క.: మీవారు వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి "మా ఆవిడ మీకు ముందే తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను.