కాగితం మీద రెండు కొండలు

గ్రోనింగన్,
1966 జూలై

నాన్నగారికి అలైడా నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రే సరిగ్గా పట్టడం లేదు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని విని ఊరట కలిగింది.

"వైరస్‌కీ నీళ్లకీ ఏం సంబంధం?" అని అడిగారు. పొగాకుకు మచ్చ తెగులు తెచ్చే వైరస్‌ను ఆకుల రసం నుంచి తీసి నీళ్లలో కలుపుతాం. అవి సన్నటి పుల్లల్లా ఉంటాయి. గాజు గొట్టంలో పోసి పెద్ద అయస్కాంతం మధ్య నిలబెడితే అన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. వాటి పక్కనున్న నీరు కూడా కొంచెమైనా వరస కడుతుందా అన్నదే నా గొడవ. కడితే, ఆ అయస్కాంతానికి తగిలించిన యంత్రం కాగితం మీద ఒక కొండ గీయాల్సిన చోట రెండు గీస్తుంది.

రెండు గీసింది నాన్నా! కొండ వంకర లేకుండా రావాలని గొట్టాన్ని గిరగిరా తిప్పడం ఇక్కడి అలవాటు, ఆ రోజు మరిచిపోయాను. తిప్పితే పుల్లల వరస చెదిరిపోతుందని అప్పుడు తట్టింది. ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు.

"తిప్పకపోతే ఆ యంత్రం దయ్యాల్ని కూడా గీస్తుందమ్మా. కొత్త వైరస్‌తో మళ్లీ చూపించు. ఆగస్టు దాటితే అయస్కాంతం వేరేవాళ్లది" అన్నారు.

పాత ద్రావణం పాడైపోయింది. గాజు పందిట్లో తెగులు మొక్కలు పెంచుతున్నానన్న ధీమాతో ఉంటే, తోటమాలి సెలవులో అతని బదులు వచ్చిన షూర్ద్ వాటన్నిటినీ పీకి తగలబెట్టాడు.

"జబ్బువన్నీ ఏరేశానమ్మాయ్! ఇప్పుడు చూడు, ఎంత కళకళలాడుతోందో!"

"నీ శుభ్రత తగలెయ్య! నాకు కావలసినవి అవే!"

"జబ్బుని పెంచుకుంటారా ఎవరైనా? చదువు ఎక్కువైతే ఇంతే!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మళ్లీ మొదటినుంచి పెంచితే తెగులు ముదిరేసరికి ఆగస్టు దాటిపోతుంది.

అంతలో మీ ఉత్తరం వచ్చింది. మన తోటలో తూర్పు వరసల్లో ఆకులకు మచ్చలు కనబడ్డాయి, పీకేయనా, ఇంకొన్నాళ్లు చూడనా అని అడిగారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. చదవగానే ఎగిరి గంతేశాను. మన ఆమెరోంగన్ ఊళ్లో అందరూ పొగాకు మానేసినా మీరు ప్రాణం పెట్టి చూసుకుంటున్న తోట అది. "తొందరపడకండి, కొన్ని వారాలు ఉంచండి" అని కార్డు కూడా రాసేశాను. తెగులు ముదిరితే గానీ నాకు సరిపడా వైరస్ రాదు మరి. ఆ కార్డు తపాలా పెట్టె దాకా వెళ్లి నాతోనే వెనక్కి వచ్చింది.

ఆ తెగులు చేతుల మీద, బట్టల మీద పాకుతుంది. ఉంచితే మీరే తోటంతా అంటిస్తారు. అందుకని ఈ ఉత్తరం చదవగానే పీకేయండి, పక్క మొక్కలతో సహా. సబ్బుతో చేతులు కడుక్కోకుండా మంచి మొక్కను ముట్టకండి. నాకోసం ఒక్క సంచి... వద్దు, లేత తెగులు నాకు చాలదు. అన్నీ కాల్చేయండి.

ఆగస్టు దాటిపోతుంది. ప్రొఫెసర్ గారు నమ్మరు. మీరు నమ్మండి నాన్నా.

ఇట్లు,
రెండు కొండల్నీ కళ్లారా చూసిన
మీ కూతురు
అలైడా