ఒక్క సున్నా నీళ్ళు

సెప్టెంబరు 9, సాయంత్రం

ఖోట్లాలో, అంటే ఊరి రచ్చబండ దగ్గర, ఊరంతా చేరింది. నీళ్ళ ఆఫీసు తరఫున బాగా మాట్లాడాను. డ్యామ్ విస్తీర్ణం, లోతు, ఊరూ గనీ కలిపి రోజుకి వాడే నీళ్ళు, అన్నీ ఆఫీసులో టైపు చేయించిన కాగితం చూసి బోర్డు మీద పది ఘాతాల్లో రాసి లెక్క తేల్చాను. వానలు పడకపోయినా మూడేళ్ళు ఢోకా లేదన్నాను. అందరూ "పులా" అన్నారు, వాన కురవాలని. కూరతోట పెంచే లొరాటోవాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, అయితే ఈసారి క్యాబేజీ వెయ్యనా బిడ్డా అని అడిగింది. నిశ్చింతగా వెయ్యమన్నాను.

సెప్టెంబరు 17

వేసిందట. రోడ్డు వైపు మడిలో కూడా.

సెప్టెంబరు 26, మధ్యాహ్నం

రిపోర్ట్ కోసం లెక్క మళ్ళీ చేశాను. డ్యామ్ రెండు చదరపు కిలోమీటర్లు. అంటే 2 × 10⁶ చదరపు మీటర్లు. నేను 10⁷ వేశాను, ఒక సున్నా ఎక్కువ. మూడు మీటర్ల లోతుతో గుణిస్తే 6 × 10⁶ ఘనపు మీటర్లు. రోజుకి 5 × 10⁴ పోతోంది.

మూడేళ్ళు కాదు. నాలుగు నెలలు.

సంకటి ముట్టలేదు.

సెప్టెంబరు 30

బాస్‌కి చెప్పాను. చెప్పానా? లెక్కలో తేడా వచ్చిందన్నాను. ఒఫెంత్సే టైపింగేనా అన్నాడాయన. ఒఫెంత్సే నా పక్క టేబుల్, ఇద్దరు పిల్లల తండ్రి. నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే టైపు కొట్టాడు. నేను మాట్లాడలేదు. బాస్ దాన్ని ఔననుకున్నాడు. అనుకోనిచ్చాను.

అక్టోబరు 4

తోటలకి నీళ్ళు బంద్. రేడియోలో చెప్పారు. టైపింగ్ తప్పని కూడా.

అక్టోబరు 11

లొరాటోవాళ్ళమ్మ ఆఫీసుకే వచ్చింది. క్యాబేజీ ఆకులు కాగితాల్లా ఎండిపోయాయట. తిడుతుందనుకున్నాను. ఓదార్చింది. నువ్వు సరిగ్గానే లెక్కేశావు బిడ్డా, వీడే చెడగొట్టాడు అంది. ఒఫెంత్సే ముందు నిలబడి, నీ వేళ్ళకి మా తోటలే దొరికాయా అని అడిగింది. అతను నా వైపు చూశాడు. అతనికి తెలుసు. నేను ఫైల్ తిరగేస్తూ కూర్చున్నాను. క్షమించమ్మా అన్నాడు, నా బదులు.

టాయిలెట్‌లోకి వెళ్ళి, వినపడకుండా ట్యాప్ తిప్పి ఏడ్చాను. ఆ నీళ్ళు కూడా వృథా చేశాను.

అక్టోబరు 12

బాస్‌కి అంతా చెప్పేశాను. రేపు ఖోట్లాలో కూడా చెప్తానన్నాను. ఎందుకు, నాలుగు రోజుల్లో జనం మర్చిపోతారు అన్నాడు. ఒఫెంత్సే ఎలా మర్చిపోతాడు అని అడిగాను.

అక్టోబరు 13

లేచి నిలబడి, పది ఘాతం ఆరు అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. తప్పు నాది, అతనిది కాదు అన్నాను. అది అర్థమైంది.

లొరాటోవాళ్ళమ్మ లేచింది. తన కుర్చీ ఎత్తుకెళ్ళి ఒఫెంత్సే పక్కన వేసుకుని కూర్చుంది.